ఇద్దరు డాక్టర్లు, 12 ఊరి క్లినిక్‌లు: మా పీహెచ్‌సీ లెక్క కుదరడం లేదు, కాస్త చూడండి

పీహెచ్‌సీ_గది
ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. నేను కోస్తా వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ని. ఊరి పేరు అడగొద్దు, రేపు పొద్దున్నే మెమో అందుకునే ఓపిక లేదు.

మీ పీహెచ్‌సీకి ఇంకా ఎంత సిబ్బంది కావాలో ఒక పేజీలో రాసి పంపమని పైనుంచి అడిగారు. "మూడో డాక్టర్ కావాలి" అని ఒక్క లైన్ రాసి పడేద్దామనుకున్నాను. రాత్రి కాయితం ముందు కూర్చుంటే అంత తేలిగ్గా తేలలేదు.

మా పరిధిలో సుమారు 30 వేల జనాభా. 12 విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, ఒక్కోదాని కింద 2500 మంది. ఒక్కో క్లినిక్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివిన సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ఏఎన్ఎం (ఊరి నర్సు), ఇద్దరు ముగ్గురు ఆశాలు. ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో మొదలుపెట్టినప్పుడు చెప్పిన సూత్రం మీకు తెలిసిందే: పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, ఒకరు ఓపీలో ఉంటే ఇంకొకరు 104 సంచార వైద్య బండిలో ఊళ్లకు, ప్రతి క్లినిక్‌కు నెలకు రెండుసార్లు. ఊళ్లోనే 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు. ఆలోచన మంచిదే, నాకు దానితో పేచీ లేదు.

ఇప్పుడు లెక్క. 12 క్లినిక్‌లు, రెండేసి సార్లు, అంటే నెలకు 24 బండి రోజులు. పీహెచ్‌సీలో ఓపీ నడవాల్సిన పని దినాలు కూడా సుమారు 24. మొత్తం 48 డాక్టర్ రోజులు కావాలి.

మా చేతిలో ఎన్ని ఉన్నాయి? ఏడాదికి 365. ఆదివారాలు 52 తీసేయండి. పండగ సెలవులు 20 అనుకోండి. క్యాజువల్ లీవులు 15. నెలకు రెండు మీటింగులు, అవి 24. శిక్షణలు, పల్స్ పోలియో, ఇతర డ్యూటీలు కలిపి 10. మిగిలేది 244. నెలకు ఒక డాక్టర్‌కు 20 రోజులు. ఇద్దరికీ కలిపి 40.

కావాల్సింది 48, ఉన్నది 40. రెండు పోస్టులూ నిండి, ఎవరికీ జ్వరం రాకుండా, ఎవరి ఇంట్లోనూ పెళ్లి లేకుండా ఉన్న నెలలో సంగతి ఇది. నా లెక్కలో తప్పుందా?


పాత_ఫైలు
ఆదివారం, ఉదయం 10:51

తప్పు లేదు డాక్టర్ గారూ. రిటైరయ్యాక చదవడం మొదలుపెట్టిన పాపానికి ఒక పాత సంగతి చెబుతాను. 1946లో భోర్ కమిటీ ఇచ్చిన నివేదికలో 40 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు అని రాశారు. అందులో నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, నలుగురు మంత్రసానులు, ఇద్దరు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు కూడా ఉన్నారు. అంటే టీమ్ అనే మాట మనం కొత్తగా కనిపెట్టింది కాదు. ఆ తర్వాత జనాభా 30 వేలకు దించాం, ఏజెన్సీలో 20 వేలు అన్నాం. డాక్టర్లు ఇద్దరే. ఆనాటి ఇద్దరు కలరాతో కొట్టుకునేవారు. ఈనాటి ఇద్దరు బీపీ, షుగర్‌తో. కలరా మనిషి వారంలో తేలిపోయేవాడు, బతికినా పోయినా. షుగర్ మనిషి 30 ఏళ్లు మీ గుమ్మం ముందు కూర్చుంటాడు. జనాభా అదే ఉన్నా పని పెరిగిందంటే కారణం అదే.

నా సలహా మాత్రం సాదా. ముందు ఉన్న పోస్టులు నిండుగా ఉన్నాయో లేదో రాయండి. డిప్యుటేషన్ మీద పోయినవాళ్లని రాయండి. మా సర్వీసులో ఒక ల్యాబ్ టెక్నీషియన్ జీతం ఒక చోట, మనిషి ఇంకో చోట ఎనిమిదేళ్లు నడిపాడు.


క్యూ_లెక్క
ఆదివారం, ఉదయం 11:30

నేను వైద్యం మనిషిని కాదు, ఇంజినీరింగ్ కాలేజీలో క్యూల సిద్ధాంతం చెబుతాను. గది గారి లెక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల పద్ధతికి దగ్గరగానే ఉంది. దాన్ని విస్న్ అంటారు. జనాభాకు ఇంతమంది అని కాకుండా, ఒక్కో పనికి ఎంత సమయం, ఆ పని ఏడాదికి ఎన్నిసార్లు, మనిషికి నిజంగా దొరికే పని గంటలెన్ని అని చూసి సిబ్బందిని తేలుస్తారు. సెలవులు తీసేయడం అందులో మొదటి మెట్టు. మీరు అది చేశారు.

ఒకటి మాత్రం జోడిస్తాను. 48కి 48 ఉంటే సరిపోతుందనుకోకండి. ఒకే డాక్టర్, జనం ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే చోట, డాక్టర్ సమయంలో 80 శాతం నిండితే గదిలో సగటున నలుగురు ఉంటారు. 90 శాతం నిండితే తొమ్మిది మంది. 95 శాతానికి 19 మంది. 90 నుంచి 95కి, ఆ ఐదు శాతం వాడుకోవడం కోసం వరస రెండింతలవుతుంది. టోల్‌గేట్ దగ్గర సంక్రాంతి ముందు రోజు చూసే ఉంటారు. మామూలు రోజుకంటే బళ్లు నాలుగో వంతు పెరిగినా వరస నాలుగో వంతు పెరిగి ఊరుకోదు, రోడ్డు మీదికి వచ్చేస్తుంది.

కాబట్టి ప్లాన్‌లో 15, 20 శాతం ఖాళీ ఉంచాలి. అది సోమరితనం కాదు, కానీ ఆడిట్ వాళ్లకు అలాగే కనిపిస్తుంది.


కొండదారి
ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఏజెన్సీలో సీహెచ్‌వోని. సార్ల లెక్కలో నడక లేదు.

మాకు 20 వేలకే పీహెచ్‌సీ, 3 వేలకే సబ్‌సెంటర్ అని పుస్తకంలో తగ్గించారు. బాగుంది. కానీ నా కింద ఉన్న గూడేల్లో రెండింటికి బండి పోదు. వానాకాలం వాగు పొంగితే ఎవరికీ దారి లేదు. ఒక గూడేనికి వెళ్లి 18 మందిని చూసి వచ్చేసరికి రోజు అయిపోతుంది. అదే మైదానంలో నా స్నేహితురాలు రోజుకు 45 మందిని చూసి నాలుగింటికి రిజిస్టర్ మూసేస్తుంది. నెలాఖరు సమీక్షలో ఇద్దరి అంకెలూ ఒకే స్క్రీన్ మీద వేస్తారు. ఆమెది పచ్చ రంగు, నాది ఎరుపు.

ఇంకోటి. జూన్ నుంచి అక్టోబర్ వరకు జ్వరాలు. ఏడాది సగటు తీసి సిబ్బందిని పెడితే మార్చిలో మేము ఎక్కువ, ఆగస్టులో సగం. సగటు మనిషి అనేవాడు మా గూడెంలో ఎప్పుడూ రాలేదు.


ఆశా_వెయ్యి
ఆదివారం, మధ్యాహ్నం 2:20

నాకు ఇక్కడ రాయడం కొత్త, తప్పులుంటే క్షమించండి. మా అబ్బాయి టైప్ చేస్తున్నాడు.

అందరూ డాక్టర్ల రోజులు లెక్క వేస్తున్నారు, మా గంటలు కూడా వేయండి. వెయ్యి మందికి ఒక ఆశా. 30 ఏళ్లు దాటిన అందరికీ ఇంటికి వెళ్లి ఫారం నింపాలి. బీపీ ఉందా, పొగాకు తింటావా, నోట్లో పుండు ఉందా అన్నీ అడగాలి. వెయ్యిలో 370 మంది ఉంటారని ట్రైనింగ్‌లో చెప్పారు, మా ఊళ్లో అంతకన్నా ఎక్కువే. పిల్లలు తగ్గిపోయారు, కుర్రాళ్లు హైదరాబాద్ పోయారు. ఒక్కో మనిషికి పావుగంట. ఆడవాళ్లు కూలికి పోతారు కాబట్టి పొద్దున్నే లేదా రాత్రి ఏడు తర్వాతే దొరుకుతారు.

అది అయ్యాక అదే యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ ఉంటే పర్లేదు. లేకపోతే మేడ ఎక్కాలి. ఒక్కోసారి ఎక్కించినవి మళ్లీ ఎక్కించమంటారు.


క్యూ_లెక్క
ఆదివారం, మధ్యాహ్నం 2:41

అమ్మా, మీ లెక్క చాలా బాగుంది. 370 మందికి 15 నిమిషాల చొప్పున 5550 నిమిషాలు. అంటే 92 గంటలు దాటింది. రోజుకు రెండు గంటలు దీనికే ఇస్తే 46 రోజులు. నడక, తలుపు తట్టి వెనక్కి రావడం, యాప్ ఇందులో లేవు.

ట్రైనింగ్‌లో చెప్పిన 37 శాతం దేశం మొత్తానికి వేసిన అంచనా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1.7, తెలంగాణలో 1.8. పిల్లలు అంత తక్కువగా ఉన్న చోట పెద్దవాళ్ల వాటా దేశ సగటు కంటే పెరగడం ఖాయం. కాబట్టి మీ కళ్లు చెప్పిందే నిజం.


పీహెచ్‌సీ_గది
ఆదివారం, సాయంత్రం 5:15

ఆశా గారి పోస్టు చదివాక మళ్లీ మొదటికొచ్చాను. ఎంతమంది కావాలి అని కాకుండా ఏ పని ఎవరు చేయాలి అని వేసి చూశాను. బీపీ, షుగర్ ఒక్కటే తీసుకుంటున్నాను.

మా దగ్గర మందులు తీసుకునేవాళ్లు రెండూ కలిపి సుమారు 3 వేల మంది. అందరూ నెలనెలా డాక్టర్ దగ్గరికే వస్తే, 40 డాక్టర్ రోజులకు రోజుకు 75 మంది. మనిషికి ఐదు నిమిషాలు వేస్తే 375 నిమిషాలు. మాకున్న ఓపీ ఆరు గంటలు, 360 నిమిషాలు. ఒక్క జ్వరం కేసు చూడకుండా, ఒక్క గర్భిణిని చూడకుండా రోజు అయిపోయింది.

అదే మూడింట రెండు వంతుల మందికి బీపీ, షుగర్ అదుపులో ఉన్నాయనుకుందాం, 2 వేలు. వాళ్లకు నెలనెలా మందులు, బీపీ చూడటం ఊరి క్లినిక్‌లో సీహెచ్‌వో చేస్తారు. డాక్టర్ మూడు నెలలకోసారి చూస్తే చాలు. అప్పుడు నెలకు డాక్టర్ చూడాల్సింది 667 మంది, అదుపులో లేని 1000 మంది, వెరసి 1667. రోజుకు 42. నిమిషాల్లో 210. రెండున్నర గంటలు మిగిలాయి!

మూడో డాక్టర్ అవసరం లేదేమో అనిపిస్తోంది. తొందరపడుతున్నానా?


లెస్టర్_బాబాయ్
ఆదివారం, రాత్రి 8:40

తొందరపడుతున్నావు అబ్బాయ్.

నేను ఇంగ్లండ్‌లో జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్‌ని, మాది తెనాలి దగ్గర. ఇక్కడ 2019లో చుట్టుపక్కల క్లినిక్‌లను కలిపి నెట్‌వర్క్‌లు చేశారు, ఒక్కోదాని కింద 30 నుంచి 50 వేల జనం. అంటే మీ పీహెచ్‌సీ అంతే. డాక్టర్లు దొరకడం లేదని ఫార్మసిస్టులు, ఫిజియోలు, పారామెడిక్‌లు, ఒంటరి ముసలివాళ్లతో మాట్లాడేవాళ్లు, ఇలా రకరకాల మనుషులకు ప్రభుత్వమే జీతం ఇచ్చి పెట్టింది. వేల మంది వచ్చారు. మేమూ నీలాగే కాయితం మీద సంబరపడ్డాం.

తర్వాత అర్థమైంది. తేలిక కేసులు వేరేవాళ్ల దగ్గరికి పోతే నా గదిలోకి వచ్చేది కష్టమైన కేసులే. ఇదివరకు పొద్దుటి పూట గొంతునొప్పి రెండు, సర్టిఫికెట్ ఒకటి వచ్చేవి, ఊపిరి పీల్చుకునేవాణ్ని. ఇప్పుడు ప్రతి మనిషికీ నాలుగు జబ్బులు, తొమ్మిది మందులు. 10 నిమిషాల స్లాట్ అలాగే ఉంది, లోపలికి వచ్చే మనిషి మారిపోయాడు. దానికి తోడు "ఒకసారి చూస్తారా" అని కొత్తవాళ్లు తలుపు తడతారు. తట్టాలి కూడా, లేకపోతే ప్రమాదం. ఆ సమయం ఎవరి లెక్కలోనూ ఉండదు.

నీ 1667 మందికి ఐదు కాదు, ఎనిమిది నిమిషాలు వెయ్యి. అప్పుడు చెప్పు.

అలాగని టీమ్ వద్దని కాదు నేననేది. అమెరికాలో 2022లో ఒక లెక్క వేశారు. 2500 మంది పెద్దవాళ్ల బాధ్యత ఉన్న ఒక డాక్టర్ గైడ్‌లైన్స్ చెప్పినవన్నీ చేయాలంటే రోజుకు 26.7 గంటలు పడుతుందట. రోజులో ఉన్నవే 24. అదే పనిని టీమ్‌కు పంచితే డాక్టర్ వంతు 9.3 గంటలకు దిగింది. అంటే టీమ్ లేకుండా కుదరదు, టీమ్ ఉన్నా డాక్టర్‌కు ఎనిమిది గంటల రోజు దాటుతుంది.


పీహెచ్‌సీ_గది
ఆదివారం, రాత్రి 9:02

42 మందికి ఎనిమిది నిమిషాలు, 336. మిగిలింది 24 నిమిషాలు. బాబాయ్ గారూ, ఆదివారం రాత్రి ఇలా చేయడం న్యాయమా?


కొండదారి
ఆదివారం, రాత్రి 9:18

ఇంకాస్త బాధపెడతాను, సారీ సార్. మూడింట రెండు వంతులు అదుపులో ఉన్నారని ఎలా రాశారు? రిజిస్టర్ చూసి రాశారా, అనుకుని రాశారా? మా దగ్గరైతే చివరిసారి బీపీ 140 / 90 లోపు ఉన్నవాళ్లు సగం కూడా లేరు. మా దగ్గర మాత్రలు తీసుకోవడం ఒక పని, మింగడం ఇంకో పని.


పీహెచ్‌సీ_గది
ఆదివారం, రాత్రి 9:25

అనుకుని రాశాను. రేపు రిజిస్టర్ తీస్తాను.


మందుల_గది
సోమవారం, ఉదయం 7:10

ఫార్మసిస్టుని, వేరే జిల్లా. రాత్రి మొత్తం చదివాను. డాక్టర్ నిమిషాల గురించి ఇంత రాసి, ఆ నిమిషాలు ఎక్కడ కారిపోతున్నాయో ఎవరూ చెప్పలేదు.

1500 మంది బీపీ వాళ్లు రోజుకో అమ్లోడిపిన్ వేసుకుంటే నెలకు 45 వేల మాత్రలు. మూడు నెలల ఇండెంట్, అంటే మందులు కావాలని పైకి పంపే కాయితం, 1 లక్షా 35 వేలకు వేయాలి. మామూలుగా ఇండెంట్ ఎలా వేస్తాం? పోయిన మూడు నెలల్లో ఎంత ఖర్చయిందో చూసి. పోయిన మూడు నెలల్లో ఒక నెల స్టాకే లేదనుకోండి, ఆ నెల ఖర్చు సున్నా. సిస్టమ్‌లో మన వాడకం 90 వేలు అని కనిపిస్తుంది. ఈసారి 90 వేలు ఇస్తారు. మళ్లీ మూడో నెల ఖాళీ. లేనప్పుడు వాడలేదు కాబట్టి అవసరం లేదు అని కంప్యూటర్ అనుకుంటుంది.

ఇప్పుడు ఆ ఖాళీ నెలలో ఏం జరుగుతుంది? 20 రోజులు మాత్ర లేక బీపీ పెరుగుతుంది. అదుపులో ఉన్న మనిషి అదుపు తప్పిన జాబితాలోకి వస్తాడు. సీహెచ్‌వో దగ్గర మూడు నిమిషాల పని కావలసింది డాక్టర్ దగ్గర ఎనిమిది నిమిషాల పని అవుతుంది. డాక్టర్ గారు పాపం డోసు పెంచుతారు. మనిషికి డోసు తక్కువై కాదు, మాత్రే లేక పెరిగింది. స్టాక్ వచ్చాక పెరిగిన డోసుతో కళ్లు తిరిగి పడిపోయి మళ్లీ వస్తాడు. అదొక ఓపీ.

నాకు మూడో డాక్టర్ వద్దు, ఒక నెల అదనపు స్టాక్ ఇవ్వండి చాలు.


పాత_ఫైలు
సోమవారం, ఉదయం 7:48

35 ఏళ్ల సర్వీసులో ఈ సున్నా సంగతి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. నేనే ఎన్నో ఇండెంట్ల మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టాను.


బస్తీ_ఓపీ
సోమవారం, మధ్యాహ్నం 1:30

హైదరాబాద్ బస్తీ దవాఖానాలో చేస్తున్న. మొదటివి 2018లో తెరిచిండ్రు, 5 నుంచి 10 వేల మందికి ఒకటి. డాక్టర్, నర్సు, ఒక సహాయకురాలు, అంతే టీమ్. మాకు ల్యాబ్ గొడవ లేదు, రక్తం తీసి పంపుతం, టీ డయాగ్నొస్టిక్స్ అనే సర్కారు ల్యాబ్‌ల పరీక్ష చేసి రిపోర్ట్ ఇస్తరు. ఆ ఒక్క పని బయటికి పోవుడు వల్ల మాకు శానా టైమ్ దొరికింది. పీహెచ్‌సీల ల్యాబ్ టెక్నీషియన్ సెలవుల ఉంటే ఏమైతదో నాకు ఎరుకే, ఇంతకు ముందు అక్కడ్నే చేసిన.

మందుల గది అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. 2017 చివర్ల దేశంల బీపీ నియంత్రణకు ఒక కార్యక్రమం మొదలైతే, మొదటి విడత రాష్ట్రాల్లనే తెలంగాణ ఉండె. అండ్ల గొప్ప కిటుకు ఏం లేదు. అందరికీ ఒకే వరసల మందులు, 30 దినాల గోలీలు ఒక్కసారే ఇచ్చుడు, నర్సే బీపీ చూసుడు, రానోళ్లకు ఫోన్ చేసుడు. డాక్టర్‌కు నచ్చిన బ్రాండ్ రాసుడు లేదు. గోలీల రకాలు తగ్గితే స్టాక్ లెక్క సులువైతది, నర్సుకు ఏం ఇవ్వాల్నో తెలుస్తది.

ఒక మాట, నర్సు చేతిల పని పెట్టి మల్ల ప్రతిదానికి సంతకానికి డాక్టర్ కాడికి తోలితే పని పంచినట్టు గాదు. వరస రెండు చోట్ల నిలబెట్టినట్టు.


కంది_చేను
సోమవారం, రాత్రి 7:55

ప్రకాశం జిల్లా, రైతుని. మా అమ్మకు బీపీ, షుగర్ రెండూ. మీరంతా లోపలి నుంచి మాట్లాడుతున్నారు, గుమ్మం బయట నుంచి రెండు ముక్కలు.

104 బండి మా ఊరికి వస్తుంది. ఏ రోజు వస్తుందో గోడ మీద రాశారు. ఆ రోజు డాక్టర్ గారు మీటింగ్‌కు పోతే బండి వస్తుంది, డాక్టర్ రాడు, లేదా రెండూ రావు. అమ్మ రెండుసార్లు కూలి మానుకుని కూర్చుంది. మూడోసారి నుంచి ఆర్ఎంపీ దగ్గరికి పోతోంది. 50 రూపాయలు తీసుకుంటాడు కానీ ఉంటాడు. రాత్రి పదింటికి తలుపు కొట్టినా లేస్తాడు.

మీ లెక్కలో మా అమ్మ లేదు. మీ రిజిస్టర్‌లో మానేసినవాళ్ల పేజీలో ఉంటుంది. మీరు బాగా చేస్తే మాలాంటివాళ్లు మళ్లీ వస్తాం. అప్పుడు మీ 3 వేలు 4 వేలవుతాయి. అది కూడా వేసుకోండి.


క్యూ_లెక్క
సోమవారం, రాత్రి 8:20

ఇది నేను క్లాసులో చెప్పే పాఠం, ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. కనిపించే వరస నిజమైన వరస కాదు, విసుగెత్తి వెళ్లిపోయినవాళ్లు అందులో ఉండరు. నిన్న నేను చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవాళ్లలో నాలుగో వంతుకు పైగా బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లో, దానికి మందు వాడుతున్నవాళ్లో ఉన్నారు. 30 వేల జనాభాకు ఆ లెక్కన 6 వేలకు దగ్గరగా తేలాలి. పీహెచ్‌సీ గది గారి దగ్గర షుగర్‌తో కలిపి 3 వేలు. మిగతావాళ్లు ఆర్ఎంపీ దగ్గరో, ప్రైవేటులోనో, అసలు తెలియకుండానో ఉన్నారు.


వేదిక_నిర్వాహకులు
సోమవారం, రాత్రి 8:31

ఏ ప్రభుత్వం బాగా చేసింది అన్న మూడు పోస్టులు తీసేశాం. బోర్డు మీద పేరు ఎన్నిసార్లు మారినా లోపల ఉండేది ఈ మనుషులే. దయచేసి విషయం మీదే ఉండండి.


పీహెచ్‌సీ_గది
గురువారం, రాత్రి 10:40

మూడు రోజులు కనిపించలేదు, రిజిస్టర్లతో కూర్చున్నాను. కొండదారి గారు గెలిచారు. చివరి బీపీ, షుగర్ రెండూ బాగున్నవాళ్లు సరిగ్గా సగం. 1500 మంది.

ఆ లెక్కతో: అదుపులో ఉన్నవాళ్లలో మూడు నెలలకోసారి వచ్చే 500, అదుపులో లేని 1500, మొత్తం 2000. రోజుకు 50 మంది, ఎనిమిది నిమిషాలు, 400 నిమిషాలు. నాకున్నది 360. బండి రోజైతే ప్రయాణం పోను 300 కూడా రావు. టీమ్ ఉండి కూడా మునిగిపోతున్నాం.

ఇప్పుడు రెండు మార్పులు చేసి చూశాను. మందులు ఆగకుండా అంది, అదుపులో ఉన్నవాళ్లు 2400కు పెరిగారనుకుందాం. వాళ్లను డాక్టర్ మూడు నెలలకు కాక ఆరు నెలలకోసారి చూస్తారు. అప్పుడు నెలకు 400, అదుపులో లేనివాళ్లు 600, మొత్తం వెయ్యి. రోజుకు 25 మంది, 200 నిమిషాలు. ఓపీలో 160 నిమిషాలు మిగులుతాయి, జ్వరాలకు, గర్భిణులకు, కంది చేను గారి అమ్మగారికి. డాక్టర్ల సంఖ్య మారలేదు. మారింది అమ్లోడిపిన్ స్టాక్.

ఇది ఒక్క నెలలో జరగదని తెలుసు. 50 శాతం నుంచి 80 శాతానికి రావడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది, ఆ మధ్యలో మునిగే ఉంటాం. అందుకే పాత ఫైలు గారు చెప్పిన ఖాళీలు, డిప్యుటేషన్లు కూడా రాస్తున్నాను. వాటితో పాటు ఆ మధ్యకాలానికి ఒక లీవ్ రిజర్వ్ డాక్టర్ (సెలవు పెట్టినవాళ్ల బదులు వచ్చేవారు), చుట్టుపక్కల నాలుగైదు పీహెచ్‌సీలకు కలిపి అయినా సరే.

బండి రోజులు: అన్ని ఊళ్లకూ రెండుసార్లు కాకుండా పెద్ద ఊళ్లు ఐదింటికి రెండుసార్లు, మిగతా ఏడింటికి ఒకసారి. 17 రోజులు. ఓపీకి 24. మొత్తం 41. మన దగ్గర 40 ఉన్నాయి.


కొండదారి
గురువారం, రాత్రి 11:02

పెద్ద ఊళ్లకు రెండుసార్లు ఎందుకు సార్? పెద్ద ఊరు రోడ్డు మీద ఉంటుంది, ఆటో ఉంటుంది, పీహెచ్‌సీకి వాళ్లే వస్తారు. చివరనున్న చిన్న ఊరికే రెండుసార్లు కావాలి.


పీహెచ్‌సీ_గది
గురువారం, రాత్రి 11:09

అవును. తిరగేస్తాను. దూరం, అదుపులో లేనివాళ్ల సంఖ్య, ఈ రెండూ చూసి ఐదు ఊళ్లు ఎంచుతాను. వాటిలో మూడు చిన్నవే తేలుతున్నాయి. మీటింగ్ రోజులు నెల ముందే తెలుస్తాయి కాబట్టి ఆ రోజుల్లో బండి పెట్టను, గోడ మీద రాసిన తేదీ తప్పను. తప్పాల్సి వస్తే ముందు రోజు ఆశా గారి ఫోన్‌కు చెబుతాను.


ఆశా_వెయ్యి
శుక్రవారం, ఉదయం 6:15

సార్, నేను మీ ఆశాని కాదు కానీ అడుగుతున్నాను. ఫోన్‌కు చెబితే మేము ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. ఆ గంట కూడా వేశారా?


పీహెచ్‌సీ_గది
శుక్రవారం, ఉదయం 6:40

వేయలేదమ్మా. ఇప్పుడు వేశాను. పేజీలో నాలుగో పాయింట్ మీదే: ఒక మనిషి వివరాలు ఒక్కసారే, ఒక్క యాప్‌లోనే ఎక్కించాలి అని.


లెస్టర్_బాబాయ్
శుక్రవారం, సాయంత్రం 4:20

ఒకటి మర్చిపోకు. సీహెచ్‌వోలు తలుపు తట్టే సమయం. వారానికి ఒక మధ్యాహ్నం ఓపీ పెట్టకుండా 12 మందితో కూర్చో, ఫోన్‌లో అయినా సరే. కేసులు మాట్లాడుకోండి. ఓపీ అంకె తగ్గిందని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు, నేను దూరంగా ఉన్నాను కాబట్టి పర్లేదు.


పీహెచ్‌సీ_గది
మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9:30

చాలామంది ప్రైవేటుగా అడుగుతున్నారు, పేజీ ఏమైందని. పంపాను. ఒక పేజీ అన్నారు కానీ ఒకటిన్నర అయింది. నిన్న తిరిగొచ్చింది, నిర్ణీత ఫార్మాట్‌లో పంపమని. ఫార్మాట్ జత చేశారు. నాలుగు కాలమ్‌లు: మంజూరైన పోస్టులు, నిండినవి, ఖాళీ, రిమార్కులు. నిమిషాలకు కాలమ్ లేదు. మాత్రలకు అంతకన్నా లేదు.

బండి తేదీలు మార్చడానికి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు, మార్చేశాను. మూడు వారాల్లో ఒక్క తేదీ తప్పింది.


మందుల_గది
శనివారం, రాత్రి 9:44

స్టాక్ లేని రోజులను వేరే రాసి ఇండెంట్‌కు జత చేయండి. నేను పోయిన ఏడాది అలా చేశాను, కొంత పెంచారు. మొత్తం కాదు, కొంత.


పాత_ఫైలు
శనివారం, రాత్రి 10:05

రిమార్కుల కాలమ్ ఉందిగా డాక్టర్ గారూ. సన్నగా ఉంటుంది కానీ అక్షరాలు చిన్నగా రాస్తే పడుతుంది. నా సర్వీసంతా అందులోనే రాశాను.